అంబాసిడర్ బానెట్ లాక్ మొరాయిస్తే: తెరవడం, విప్పడం, సరిచేయడం

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు అంబాసిడర్లు ఇంకా అక్కడక్కడా తిరుగుతూనే ఉన్నాయి. కొన్ని తాతల నాటివి, కొన్ని ప్రభుత్వ ఆఫీసుల వేలంలో పాడుకున్నవి, కొన్ని పెళ్ళిళ్ళకి అద్దెకి తిరిగేవి. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1958 నుంచి 2014 దాకా తయారుచేసిన బండి కాబట్టి దీని ఇంజిను పని తెలిసిన మిస్త్రీలకి మన వైపు కొదవలేదు. బానెట్ లాక్ దగ్గరికొచ్చేసరికే వస్తుంది చిక్కు. "పాత బండి కదా బాబూ, ఇంతే" అని ఇనప తీగతో కట్టి పంపించేస్తారు.

అందుకు ఒప్పుకోకండి. అంబాసిడర్ బానెట్‌కి హింజ్‌లు అద్దం వైపు ఉంటాయి, ముందు అంచు పైకి లేస్తుంది. వేగంగా పోతున్నప్పుడు లాక్ వదిలేస్తే గాలి ఆ అంచు కింద దూరి, బరువైన రేకుని ఎత్తి అద్దం మీదికి విసురుతుంది. ఇచ్ఛాపురం దాటి గిరిసోలా మీదుగా బరంపురం పోయే హైవేలో, వెనక లారీ తరుముతుండగా, ముందు ఏమీ కనిపించకపోతే పరిస్థితి ఏమిటో ఆలోచించండి.

ఇంకో మాట. లాక్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన బళ్ళలో ఎక్కువ వాటికి లాక్ బాగానే ఉంటుంది. బానెట్ తన చోట తాను కూర్చోకపోవడమో, కేబుల్ బిగుసుకుపోవడమో అసలు కారణం. కొత్త లాక్ కొని బిగించినా అవి అలాగే ఉంటాయి, నెల తిరక్కుండా కథ మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి కొనడం చివర్న, చూడడం ముందు.

లోపల ఏముంది

ఆ కాలపు కార్లలో ఎక్కువగా కనిపించే అమరిక ఇది. బానెట్ ముందు అంచుకి అడుగున ఒక లావుపాటి పిన్ను వేలాడుతూ ఉంటుంది. దాని చుట్టూ బలమైన స్ప్రింగు, పైన చెక్‌నట్టు (పిన్ను తిరగకుండా బిగించి ఉంచే నట్టు) ఉంటాయి. గ్రిల్‌కి పైన ఉండే అడ్డ రేకు మీద లాక్ ప్లేటు ఉంటుంది, దాని మధ్యలో రంధ్రం. బానెట్ వేసినప్పుడు పిన్ను ఆ రంధ్రంలోకి దిగుతుంది. కింద జారే పలక ఒకటి పక్కనించి వచ్చి పిన్ను మెడని పట్టుకుంటుంది. ఆ పలకని తన చోటికి లాగి ఉంచేది ఒక చిన్న రిటర్న్ స్ప్రింగు. డ్యాష్‌బోర్డు కింద నాబ్ లాగితే కేబుల్ ఆ పలకని పక్కకి జరుపుతుంది, పిన్ను చుట్టూ ఉన్న స్ప్రింగు బానెట్‌ని పైకి తోస్తుంది. అప్పుడు కూడా బానెట్ పూర్తిగా లేవదు, సేఫ్టీ హుక్ ఆపుతుంది. వేళ్ళు పెట్టి హుక్‌ని నొక్కితేనే తెరుచుకుంటుంది.

మీ బండి ఏ మార్క్‌దో (ఏ మోడల్‌దో), మధ్యలో ఎవరెవరు ఏమేం మార్చారో బట్టి కొంత తేడా కనిపించవచ్చు. పిన్ను, పలక, రెండు స్ప్రింగులు, కేబుల్, హుక్ ఏవి ఎక్కడున్నాయో ముందు గుర్తుపట్టండి, మిగతాది అదే అర్థమవుతుంది.

రోగం ఎక్కడుందో కనిపెట్టడం

నాబ్ లాగినప్పుడు చేతికి ఏమనిపిస్తుందో గమనించండి. బరువే లేకుండా నాబ్ బయటికొచ్చేస్తే కేబుల్ తెగింది, లేదా లాక్ దగ్గర స్క్రూ వదులై తీగ జారిపోయింది. రాయిలా కదలకపోతే కేబుల్ ఔటర్‌లో, అంటే తీగ మీదుండే గొట్టంలో, తుప్పు పట్టింది, లేదా పిన్ను పలకని గట్టిగా అదిమి ఉంచింది. నాబ్ మామూలుగా వచ్చి, ముందు "టక్" అని శబ్దం కూడా వినిపించి, బానెట్ మాత్రం లేవకపోతే పిన్ను చుట్టూ ఉన్న స్ప్రింగు చచ్చిపోయింది.

రెండో రకం జబ్బు మూతపడకపోవడం. ఎన్నిసార్లు వేసినా తిరిగి లేస్తుంటే పిన్ను రంధ్రం మధ్యలో దిగడం లేదన్నమాట, లేదా పలక వెనక్కి రావడం లేదు. మూతపడి కూడా గతుకుల్లో గడగడలాడుతుంటే పిన్ను పొడవు ఎక్కువైంది, లేదా బానెట్ కింద ఉండాల్సిన రబ్బరు బుడిపెలు అరిగిపోయాయి, ఊడిపోయాయి. ఈ చప్పుడుకి లాక్‌ని తిట్టుకునే వాళ్ళు చాలామంది. రబ్బర్లు వేస్తే అక్కడితో సరి.

మూసుకుపోయిన బానెట్‌ని తెరవడం

ఇక్కడే టెన్షన్ పడి గునపం అందుకుంటారు. దయచేసి వద్దు. ముందు అంచు ఒకసారి వంగితే టింకరింగ్ చేసినా పాత గీత రాదు, ఆ తర్వాత లాక్ ఎంత సరిచేసినా పిన్ను తిన్నగా దిగదు.

ఇంజిను ఆపి చల్లారనివ్వండి. తర్వాత ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని నాబ్ లాగి పట్టుకోవాలి. రెండో మనిషి సరిగ్గా లాక్ ఉన్న చోట, ముందు అంచు మీద, రెండు అరచేతులు ఆనించి కిందికి నొక్కి ఒక్కసారిగా వదలాలి. నొక్కినప్పుడు పలక మీద పిన్ను బిగువు తగ్గుతుంది, ఆ క్షణంలో పలక జారుతుంది. బరంపురం షెడ్లలో పని నేర్చుకునే కుర్రాళ్ళు బానెట్ మీద గుద్దుతుంటే మేస్త్రి "ధీరే, ధీరే" అని ఆపేది ఇందుకే. గుద్దితే రేకు సొట్టపడుతుంది, బిగువు మాత్రం తగ్గదు. నాలుగైదు సార్లు నిదానంగా నొక్కి వదలండి. బిగుసుకున్న వాటిలో సగానికి సగం ఇలాగే తెరుచుకుంటాయి.

నాబ్ ఊడి చేతికొస్తే లోపల డ్యాష్‌బోర్డు కింద తీగ కొస ఇంకా ఉంటుంది. దాన్ని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుంటే జారిపోతుంది, పళ్ళు తీగని కొరికేస్తాయి కూడా. బిగించి లాక్ చేసే వైస్‌గ్రిప్ ప్లేయర్ అయితే మేలు. దాన్ని తీగకి బిగించి, ఔటర్ ఏ దిక్కుకి పోతోందో అదే దిక్కులో తిన్నగా లాగండి. పక్కకి లాగితే అంచు దగ్గర తెగుతుంది.

తీగ లాక్ దగ్గరే తెగిపోతే లోపల్నుంచి చేయగలిగింది లేదు. కింద నుంచి వెళ్ళాలి. బండి ముందు భాగం లేపితే ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం వేసి, అప్పుడు పడుకోండి. టార్చి వేసి చూస్తే రేడియేటర్‌కి, గ్రిల్‌కి మధ్య సందులోంచి లాక్ ప్లేటు అడుగు భాగం కనిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ గానీ, కొస వంచిన ఇనప ఊచ గానీ ఆ సందులోంచి పైకి పోనిచ్చి, కేబుల్ లాగే దిక్కుకే పలకని తోయండి. పైన ఒక మనిషి బానెట్‌ని నొక్కుతూ ఉండాలి. ఊచకి బట్ట చుట్టండి, లేకపోతే రేడియేటర్ రెక్కలు చితుకుతాయి. బ్యాటరీ కూడా బానెట్ కిందే ఉంటుంది, ఊచ దాని టెర్మినల్స్ దిక్కుకి పోకుండా చూసుకోండి.

అదీ కుదరకపోతే గ్రిల్ విప్పాలి. కొన్ని బళ్ళలో స్క్రూలు బయట్నుంచే అందుతాయి, కొన్నింట్లో అందవు. అందకపోతే గ్రిల్‌లో ఒక్క పట్టీని జాగ్రత్తగా వంచి చేయి దూర్చే దారి చేసుకోండి. గ్రిల్ పట్టీ మళ్ళీ తిన్నగా చేయించుకోవచ్చు, బానెట్ అంచు అలా కాదు.

విప్పే ముందు గుర్తులు

బానెట్ తెరుచుకోగానే దాని ఊతకడ్డీని మాత్రమే నమ్మకుండా గట్టి కర్ర ఒకటి ఆసరా పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. తర్వాత లాక్ ప్లేటు చుట్టూ మార్కర్‌తోనో మేకు మొనతోనో గీత గీయండి, పిన్ను అడుగున ఉన్న ప్లేటు చుట్టూ కూడా. ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించి ఉందో ఫొటోలో స్పష్టంగా పడాలి, తర్వాత గొడవంతా దాని దగ్గరే.

బోల్టులు తుప్పు పట్టి ఉంటే డబ్ల్యూడీ-40 కొట్టి పావుగంట ఆగండి. అది లేకపోతే కిరసనాయిలులో కొంచెం ఇంజిన్ ఆయిల్ కలిపి పోసినా పని జరుగుతుంది. తొందరపడి తిప్పితే బోల్టు తల అరుగుతుంది, అడ్డ రేకులో ఉన్న నట్టు ఊడి గిర్రున తిరుగుతుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడానికి ఇంకో పూట పడుతుంది.

కడిగి చూడండి

విప్పిన భాగాలన్నీ పాత డబ్బాలో కిరసనాయిలు పోసి నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. కోరాపుట్, రాయగడ కొండల వైపు తిరిగిన బండి అయితే గ్రీజులో ఎర్రమట్టి కలిసి గట్టి పేస్టు అయి ఉంటుంది. చాలాసార్లు రిటర్న్ స్ప్రింగు బాగానే ఉంటుంది, ఆ పేస్టే పలకని కదలనివ్వదు. గోపాలపురం, సోనేపురం సముద్రం వైపు ఉండే బళ్ళది వేరే గొడవ. అక్కడ ఉప్పుగాలికి కేబుల్, హుక్ ఇరుసు ముందు తుప్పు పడతాయి.

శుభ్రం చేశాక పిన్ను తల వెలుతురులో తిప్పి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన మెడ మీద ఒక పక్క నెలవంకలా మెరిసే అరుగుదల కనిపిస్తే పిన్ను ఏళ్ళ తరబడి ఆ పక్కకే ఒరుసుకుంటోందని అర్థం. లాక్ ప్లేటు మధ్యలో లేదని ఆ మెరుపే చెబుతోంది. ఎటు పక్క మెరుస్తోందో రాసిపెట్టుకోండి, సర్దుబాటు చేసేటప్పుడు అది పనికొస్తుంది. పలక అంచు కూడా చూడండి. అది పదునుగా, తిన్నగా ఉండాలి. గుండ్రంగా అరిగిపోతే గతుకుల్లో పిన్ను జారిపోతుంది.

ఏది మార్చాలి, ఏది బాగుచేయాలి

అంచు అరిగిన పలక మీద కొద్దిగా వెల్డింగ్ పోయించి, ఆకురాయితో పాత ఆకారానికి తేవచ్చు. మంచి చేతివాటమున్న వెల్డర్ అయితే ఏళ్ళు మన్నుతుంది. వెల్డింగ్ బండి మీద కాదు, భాగాన్ని విప్పి పక్కన పెట్టి చేయించండి. స్ప్రింగుని మాత్రం దగ్గర పెట్టనివ్వద్దు, వేడి తగిలితే దాని బలం పోతుంది.

వాలిపోయిన స్ప్రింగుని చేత్తో లాగి పొడుగు చేసి వేసేవాళ్ళున్నారు. నాలుగు రోజులు పనిచేసి మళ్ళీ వాలిపోతుంది. పాత స్ప్రింగు పట్టుకెళ్ళి, తీగ మందం, చుట్ల లెక్క, బయటి వ్యాసం, ఏ ఒత్తిడీ లేనప్పటి పొడవు నాలుగూ సరిపోయేది తెచ్చుకోండి. మరీ బలమైనది తెస్తే బానెట్ మూయడానికే కుస్తీ పట్టాలి.

సేఫ్టీ హుక్ విషయంలో మాత్రం రాజీ పడకండి. హుక్ ముక్కు అరిగినా, ఇరుసు వదులైనా, వంగినా కొత్తది వేయండి. విడి భాగాలకి కలకత్తా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట పెట్టింది పేరు. అంతదూరం పోలేకపోతే తుక్కుకి వెళ్ళిన బండి నుంచి తీసింది అయినా పర్వాలేదు, కాకపోతే పిన్ను, ప్లేటు, హుక్ మూడూ ఒకే బండివి తీసుకోండి. కలిసి అరిగినవి కలిసే బాగా పనిచేస్తాయి.

కేబుల్

పాత ఔటర్ రెండు చివర్లూ ఎక్కడ బిగించి ఉన్నాయో చూసుకుని, పొడవు కొలిచి, ఒక జానెడు అదనంగా ఉండేలా కొత్తది తెచ్చుకోండి. అంబాసిడర్‌దే దొరక్కపోతే మోటార్‌సైకిల్, స్కూటర్ కేబుల్స్ అమ్మే దుకాణంలో సరిపోయే మందంలో ఔటర్, ఇన్నర్ (లోపలి తీగ) విడివిడిగా దొరుకుతాయి.

ఇన్నర్‌ని దూర్చే ముందు ఔటర్‌ని నిలువుగా వేలాడదీసి, పై కొసకి కాగితం గరాటు చుట్టి, పలచటి ఆయిల్ చుక్కలు చుక్కలుగా పోయండి. కింద కొస నుంచి ఆయిల్ కారేదాకా ఉంచండి. దారిలో పదునైన మలుపులు ఉండకూడదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజిను పొగ బయటికి పోయే వేడి గొట్టానికి), ఫ్యాన్ బెల్టుకి దూరంగా పోవాలి. క్యాబిన్ గోడ దాటే రంధ్రంలో రబ్బరు బుష్ తప్పనిసరి, లేకపోతే రేకు అంచు కేబుల్‌ని కోసేస్తుంది, వానాకాలంలో నీళ్ళూ లోపలికొస్తాయి. తీగ కొసని కత్తిరించే ముందు సోల్డర్ పెడితే పోగులు విడిపోవు.

లాక్ దగ్గర తీగ బిగించేటప్పుడు పలక పూర్తిగా తన చోట ఉండాలి, నాబ్ పూర్తిగా లోపలికి నొక్కి ఉండాలి, అప్పుడు తీగలో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు కనిపించాలి. వీణ తీగలా బిగిస్తే బాగుంటుందనుకుంటారు. అలా బిగిస్తే పలక ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. ఇంటి దగ్గర బాగానే మూతపడుతుంది, ఘాట్ రోడ్డులో కుదుపులకి వదిలేస్తుంది.

సర్దుబాటు: వరస తప్పొద్దు

ముందు హింజ్‌లు, తర్వాత రబ్బరు బుడిపెలు, తర్వాత లాక్ ప్లేటు, చివర్న పిన్ను పొడవు. చాలామంది పిన్నుతో మొదలుపెట్టి చివరికి ఎక్కడా కుదరక ప్లేటుకి సుత్తి తగిలిస్తారు.

బానెట్‌ని లాక్ కాకుండా మెల్లగా దించి, రెండు పక్కలా మడ్‌గార్డుతో సందు ఒకేలా ఉందా చూడండి. ఒక పక్క వేలు దూరి, రెండో పక్క గోరు కూడా దూరకపోతే హింజ్ బోల్టులు కొంచెం వదులు చేసి బానెట్‌ని జరపాలి. రెండు పక్కలా బోల్టులు ఒక్కసారే పూర్తిగా విప్పకండి, ఇంకో మనిషి పట్టుకోనిదే ముట్టుకోకండి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానులో గజపతి జిల్లాలో చెట్లు మీద పడి నుజ్జయిన బళ్ళున్నాయి. అలాంటిదాన్ని టింకరింగ్ చేయించి తిప్పుతుంటే హింజే వంగి ఉండొచ్చు. వంగిన హింజ్‌ని సర్దుబాటుతో దాచలేరు, తిన్నగా చేయించాలి.

రబ్బరు బుడిపెల ఎత్తు బానెట్ రేకు, మడ్‌గార్డు రేకు ఒకే మట్టంలో ఉండేలా సరిచేయండి.

ఇప్పుడు ప్లేటు. పిన్ను కొసకి కొంచెం గ్రీజు రాయండి. లాక్ ప్లేటు మీద తెల్ల కాగితం టేపుతో అంటించండి. బానెట్‌ని పిన్ను కాగితానికి తగిలేదాకా దించి, మళ్ళీ లేపండి. మరక రంధ్రం మధ్యలో పడిందా? పక్కకి పడితే ఎంత తేడా ఉందో అంత ప్లేటుని జరిపి బిగించి, మళ్ళీ చూడండి. ఇందాక రాసిపెట్టుకున్న నెలవంక అరుగుదల, ఈ మరక ఒకే పక్కని చూపిస్తాయి. చూపించకపోతే పిన్నే వంగిందని అనుమానించండి.

కాగితం తీసేసి, బానెట్ పైకి ఉండగానే ఇంకో పరీక్ష చేయండి. స్క్రూడ్రైవర్‌తో పలకని తోసి వదిలితే అది చటుక్కున వెనక్కి రావాలి. తర్వాత ఒకరిని నాబ్ లాగమని, రంధ్రం పూర్తిగా ఖాళీ అవుతోందా లేదా కళ్ళతో చూడండి. ఈ రెండూ సరిగా లేకుండా బానెట్ మూశారంటే మళ్ళీ కింద పడుకుని ఊచ దూర్చాల్సిందే.

చివరికి పిన్ను పొడవు. చెక్‌నట్టు వదులు చేసి, పిన్ను కొసలో ఉన్న గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాలి. పొడుగు చేస్తే బానెట్ వదులుగా కూర్చుంటుంది, పొట్టి చేస్తే కిందికి బిగుస్తుంది. మొదట కావలసిన దానికంటే పొడుగ్గానే పెట్టి మూయండి, తేలిగ్గా మూతపడి తేలిగ్గా తెరుచుకుంటుంది. అక్కడి నుంచి అర చుట్టు చొప్పున పొట్టి చేస్తూ, ప్రతిసారీ మూసి తెరిచి చూడండి. ముందు అంచుని చేత్తో ఊపితే కదలకూడదు, నాబ్ మాత్రం తేలిగ్గా రావాలి. ఆ రెండూ కలిసిన చోట ఆగి, పిన్నుని స్క్రూడ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని చెక్‌నట్టు బిగించండి. పట్టుకోకుండా బిగిస్తే పిన్ను కూడా దాంతోపాటు తిరిగి పడిన శ్రమంతా పోతుంది.

మూసేటప్పుడు జానెడు ఎత్తు నుంచి వదిలేయండి. అంత ఎత్తు నుంచి తనంతట తాను పడకపోతే పొడవులో ఇంకా తేడా ఉంది.

రోడ్డు మీదికి

నాబ్ లాగి, బానెట్ రెండు వేళ్ళ సందు లేచి ఆగిందో లేదో చూడండి. హుక్ నొక్కకుండా రెండు చేతులతో గట్టిగా పైకి లాగండి. రాకూడదు. వస్తే బండి బయటికి తీయకండి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 40లో, ఆ పైన 60లో పోతూ బానెట్ ముందు అంచుని గమనించండి. అది వణుకుతుంటే రబ్బర్లు ఇంకా తక్కువగా ఉన్నాయి, లేదా పిన్ను ఇంకో అర చుట్టు పొట్టి కావాలి. తప్తపాణి ఘాట్ లాంటి మలుపుల రోడ్డులో ఒకసారి తిప్పి తెచ్చాక చెక్‌నట్టు, ప్లేటు బోల్టులు మళ్ళీ చూడండి. కొత్తగా బిగించినవి మొదటి కుదుపులకి కొంచెం సర్దుకుంటాయి.

గ్రీజు విషయంలో పిసినారితనమే మంచిది. పలక జారే చోట పలచటి పొర, హుక్ ఇరుసుకి రెండు చుక్కల ఆయిల్ చాలు. ముద్దలు ముద్దలుగా పూస్తే మన ఎర్రదుమ్ముతో మళ్ళీ పేస్టే. రేకు గీసుకున్న చోట రెడాక్సైడ్ ప్రైమర్ వేసి పెయింటు తగిలించండి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి కేబుల్‌కి ఆయిల్ పట్టించండి.

రెండో తీగ

లాక్ ఇంకా విప్పి ఉండగానే చేసుకోవాల్సిన చిన్న పని ఒకటి మిగిలింది. పలకకి రెండో రంధ్రం వేసి, సన్నటి స్టీలు తీగ తగిలించి, దాని కొసని గ్రిల్ కింద చేయి పెడితే అందేలా, బయటికి కనిపించకుండా దాచండి. అసలు కేబుల్ తెగిన రోజున బండి కింద పడుకోనక్కర్లేదు. తీగ వదులుగా ఉండాలి, పలకని ఏమాత్రం లాగకూడదు. అది ఎక్కడుందో ఇంట్లో వాళ్ళకి, నమ్మకమైన మిస్త్రీకి తప్ప చెప్పకండి, బానెట్ కింద బ్యాటరీ ఉందన్న సంగతి దొంగలకి కూడా తెలుసు.